పన్నెండు మంది సరిపోయారు

1968 ఫిబ్రవరి 19, సోమవారం. పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మొదలుపెట్టి, మేజిస్ట్రేటు గారి ఎదుట సాక్షి తన మాటల్లో చెప్పగా గుమాస్తా రాసుకున్నది.

నా పేరు మద్దులపల్లి సుబ్బరావమ్మ. వయస్సు నలభై నాలుగు. గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెబుతాను. బ్రాడీపేట నాలుగో లైనులో అద్దెకుంటాను. భర్త పేరు అడిగారు. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. గడి ఖాళీగా ఉండకూడదంటే కీర్తిశేషులు వెంకటప్పయ్య అని రాసుకోండి. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ బెదిరించలేదు. ఈ మాట చెప్పడానికి పోయిన మంగళవారమే రావచ్చు. రాలేదు. బుధవారం రావచ్చు. రాలేదు. ఇవాళ వచ్చాను.

ఈ కేసులో ముద్దాయి పడవ నడిపే హుస్సేన్ సాహెబ్. ఈ నెల 11వ తేదీ సాయంత్రం సాగర్ జలాశయంలోని తెల్లగుట్ట మీద చెంచమ్మ అనే వంటమనిషిని వదిలేసి వచ్చాడనీ, ఆమె నీళ్ళలో పడి చనిపోవడానికి అతని నిర్లక్ష్యమే కారణమనీ అభియోగం. దానికి ఆధారం మా విహార మండలి సభ్యులు పన్నెండు మందీ సంతకాలు పెట్టి పోలీసులకిచ్చిన కాగితం. అందులో పదకొండో సంతకం నాది. ఆ కాగితంలో ఉన్నది అబద్ధం.

మా మండలి పేరు ఆదివార విహార మండలి. అధ్యక్షులు వకీలు శ్రీమన్నారాయణ గారు. సభ్యత్వానికి అర్హత ఏమిటో నియమావళిలో లేదు గాని అందరికీ తెలుసు. సొంత ఇల్లుండాలి, లేదా సొంత ఇళ్ళున్నవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోవడానికి సిగ్గుపడని డిగ్రీ ఉండాలి. నేను రెండో రకం. శిథిలాల దగ్గరికి వెళ్ళినప్పుడు బుద్ధుడి గురించి నాలుగు ముక్కలు చెప్పడానికీ, జాబితాలు రాయడానికీ నన్ను కార్యదర్శిని చేశారు. వాళ్ళంటే నాకు గౌరవం ఎప్పుడూ లేదు. ఇది కేసుకు సంబంధం లేని మాట అంటే కొట్టేయండి. సంబంధం ఉందనే నా అనుమానం. మూడేళ్ళుగా వాళ్ళతో తిరుగుతూ, లోపల లోపల వాళ్ళను చూసి నవ్వుకోవడమే నా విహారం.

డిసెంబరులో శ్రీమన్నారాయణ గారు ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి చూపించారు. ఎక్కడో సయాం దేశపు సముద్రంలో నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి కొండలు, వాటి మధ్య పడవలో టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్ళు. "మనకేం తక్కువండీ? సాగర్ నిండింది. మన పల్నాటి గుట్టలు కూడా దీవులేగా ఇప్పుడు. ఒకదాని మీంచి ఒకదాని మీదికి మనమూ తిరుగుదాం" అన్నారు. బౌద్ధ శిథిలాలున్న కొండకు పోయే లాంచీ ఉంది కదా అని నేను అడిగాను. "జనంతో కలిసి పోతే అది తీర్థయాత్ర అవుతుంది సుబ్బరావమ్మగారూ, విహారం అవదు" అన్నారు. మరుసటి వారానికి సభ్యుల్లో ఏడుగురు టోపీలు కొన్నారు.

ఫిబ్రవరి 11, ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నరకు శ్రీమన్నారాయణ గారి ఇంటి ముందు అద్దె బస్సు ఎక్కాం. సభ్యులం పన్నెండు మందిమి. చెంచమ్మతో పదమూడు. పదమూడు అన్న అంకె ఈ వారంలో నేర్చుకున్నాను. ఆ రోజు నా చేతిలోని జాబితాలో పన్నెండు పేర్లే ఉన్నాయి. జాబితా రాసింది నేనే.

చెంచమ్మ వయస్సు నాకు తెలియదు. యాభై ఉండవచ్చు. పదిహేడేళ్ళుగా శ్రీమన్నారాయణ గారింట్లో వంట చేస్తోంది. పుట్టింది వాడరేవు దగ్గర. సముద్రం పక్కన పుట్టినా ఈత రాదని బస్సులో తనే చెప్పింది. "ఈదేది మగోళ్ళు, చేపలు ఎండబెట్టేది మేము" అంది. గిన్నెలకు కూడా వేరే జాబితా ఉంది. దాన్ని శ్రీమన్నారాయణ గారి భార్య నాంచారమ్మ గారు స్వహస్తాలతో రాశారు. ఇరవై మూడు శాల్తీలు. గరిటెలు, మూతలు సహా.

మాచర్ల దాటి, ప్రైవేటు పడవలు ఆగే రేవుకు ఎనిమిదీ పదికి చేరాం. హుస్సేన్ సాహెబ్, అతని అల్లుడు గౌస్ బాషా పడవతో ఎదురుచూస్తున్నారు. హుస్సేన్ సాహెబ్ ఊరు ఆ జలాశయం అడుగునే ఉంది. ఊరు మునగక ముందు అతను బండి తోలేవాడు, మిరపకాయల బస్తాలు గుంటూరు చేర్చేవాడు. అందుకే మనిషిని చూస్తే బస్తాల్లో లెక్క కడతాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ కింది నుంచి పైదాకా చూశాడు.

రోశయ్య గారు మిరపకాయల వ్యాపారి, మా అందరిలోకి భారీ మనిషి. "ఈ బాబు రెండు బస్తాలు పైమాటే. నడిమి బల్ల మీద కూచోండి బాబూ" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"ఏం సాయిబూ, నన్నే కాటా వేస్తున్నావా?"

"కాటా అయితే మొగ్గు ఎటు చూపాలో మీకు తెలుసు బాబూ. నీళ్ళకా తెలివి లేదు."

అందరూ నవ్వారు. రోశయ్య గారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా. చెంచమ్మ గిన్నెల బుట్ట ఎత్తుకుని వచ్చింది. "నువ్వు బస్తాకి తక్కువే చెల్లెమ్మా" అన్నాడతను. "కోక బరువుంది సాయిబూ, ఖాళీ గోతం తూకం కూడా కలుపుకో" అంది ఆమె.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అతను ఆమెను లెక్కలో వేసుకున్నాడు. పొద్దున్నే, అందరి ఎదుటా.

పడవ పక్కన, బయటివైపు, సున్నంతో గీసిన గీత ఒకటి ఉంది. అందరూ ఎక్కాక అతను వంగి, గీతకూ నీళ్ళకూ మధ్య వేళ్ళు అడ్డంగా పెట్టి చూశాడు. "మూడు వేళ్ళు. ఇంక కదలొచ్చు" అని అల్లుడికి చెప్పాడు. అప్పుడు ఎనిమిదీ నలభై.

తొమ్మిదీ పాతికకు మొదటి గుట్ట. దాన్ని పావురాల గుట్ట అంటారు. రాతిలో నీళ్ళు తొలిచిన బొరియలున్నాయి, వాటి నిండా పావురాలు. శ్రీమన్నారాయణ గారు పత్రికలో బొమ్మ చూపించి, అచ్చం ఇదేనని అన్నారు. బొమ్మలో కొండ మూడు వందల అడుగులుంటుంది. ఇది తాటిచెట్టంత లేదు. ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. టోపీలు పెట్టుకుని ఫొటో దిగాం. పదిన్నరకు రెండో గుట్ట. పొరలు పొరలుగా నాపరాయి. రోశయ్య గారు చేతికర్రతో కొట్టి చూసి, "దాచేపల్లి వైపు ఇలాంటి రాయి మీద ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, ఇక్కడ ఊరికే నానుతోంది" అని బాధపడ్డారు. ఆ రోజంతటిలో ఆయన బాధపడటం నేను చూసింది అప్పుడే.

రెండో గుట్టకూ తెల్లగుట్టకూ మధ్య హుస్సేన్ సాహెబ్ తెడ్డు ఆపి, "మీ కాళ్ళ కిందే మా వీధి. అదుగో, ఆ నాపరాళ్ళ దడి మా చేలోదే" అని చూపించాడు. పల్నాటి చేలకు నాపరాళ్ళు నిలువుగా పాతి దడి కడతారు. నీళ్ళ కింద, రెండడుగుల లోతున, ఆ రాళ్ళ వరస తెల్లగా కనిపించింది. తెల్లగుట్ట ఒడ్డు నుంచి మొదలై చాలా దూరం సాగి ఆగిపోయింది. "పన్ను కట్టక్కర్లేని ఇల్లన్న మాట, అదృష్టవంతుడివి" అన్నారు శ్రీమన్నారాయణ గారు. అందరూ నవ్వారు. నేను నవ్వానో లేదో గుర్తు లేదు. నవ్వలేదని చెప్పుకోవాలని ఉంది, కాబట్టి నవ్వే ఉంటాను.

పన్నెండుకు తెల్లగుట్ట చేరాం. మూడింటిలో అదే పెద్దది. ముందువైపు రాతి చూరు కింద నీడ ఉంది. అక్కడ పొయ్యి పెట్టించారు. ఒంటిగంటన్నరకు భోజనాలు. పులిహోర, పప్పుచారు, వంకాయ కూర, గారెలు, పెరుగన్నం. రెండున్నర దాకా తిన్నాం. హుస్సేన్ సాహెబ్‌కూ అల్లుడికీ ఆకుల్లో పెట్టి పడవ దగ్గరికి పంపించారు. ఆ తర్వాత మండలి సభ్యులు పడుకున్నారు. రోశయ్య గారి ట్రాన్సిస్టర్ మోగుతూనే ఉంది.

చెంచమ్మ గిన్నెలు తోమింది. మూడుంబావుకు తోమడం అయింది. ఇరవై మూడు శాల్తీలనూ బుట్టలో సర్ది, గౌస్ బాషా సాయంతో పడవలో పెట్టింది. అప్పుడు తన కోసం మిగిలింది విస్తరిలో పెట్టుకుని బండ వెనక్కి, గుట్ట అవతలివైపుకు వెళ్ళింది. అది నేను చూశాను. నాంచారమ్మ గారి ఇంట్లో పనివాళ్ళు అందరి భోజనాలూ అయ్యాక తినాలి. ఎవరికీ కనిపించకుండా తినాలి. పనివాళ్ళు తింటుంటే కంటపడటం ఆవిడకు పడదు. పెరట్లో అయితే గోడ ఉంటుంది. గుట్ట మీద గోడ లేదు కనుక చెంచమ్మ అంత దూరం పోయింది. ఈ ఆచారం గురించి ఆవిడను అడగండి, గర్వంగానే చెబుతారు.

మూడున్నరకు హుస్సేన్ సాహెబ్ వచ్చి, పడమటి గాలి లేస్తోంది, నాలుగు లోపు కదలాలి అన్నాడు. తొందరపెట్టాడన్న మాట మా కాగితంలో ఉంది. తొందరపెట్టలేదు. ఒకసారి చెప్పాడు. తాగి ఉన్నాడని కూడా కాగితంలో ఉంది. పొద్దుటి నుంచి అతను తాగింది నీళ్ళూ, మేము పోసిన టీ. నా పక్కనే నిలబడి మాట్లాడాడు. వాసన ఏమీ లేదు.

మూడూ నలభైకి అందరం పడవ ఎక్కాం. అందరం అన్నాను. ఆ మాట అలాగే ఉంచండి, అప్పుడు మేము అనుకున్నది అదే.

గౌస్ బాషా తాడు విప్పబోతుంటే హుస్సేన్ సాహెబ్ ఆగమన్నాడు. వంగి గీత దగ్గర వేళ్ళు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. లేచి నిలబడి, "ఒక మనిషి తక్కువమ్మా. అర వేలు పైకి తేలింది" అన్నాడు. నాతోనే అన్నాడు, దగ్గరగా ఉన్నది నేను కనుక.

శ్రీమన్నారాయణ గారు వెనక్కి తిరిగారు. "ఒరేయ్ సాయిబూ, పొద్దున మోపెడు పుల్లలు తెచ్చాం, కాల్చేశాం. రెండు కడవల నీళ్ళు తెచ్చాం, తాగేశాం. తేలదా మరి?"

"పుల్లలు సగం మోపు మిగిలే ఉండయ్యి బాబూ, ఇవిగో. తాగిన నీళ్ళు మీ కడుపులోనే ఉండయ్యి. పడవ దిగి యాడికి పోతయ్యి?"

"అయితే పులిహోర కూడా తూకం వెయ్యి" అన్నారు రోశయ్య గారు. "నేను పొద్దుటి కంటే అర బస్తా పెరిగాను."

పడవ ఊగేలా నవ్వారు. హుస్సేన్ సాహెబ్ నవ్వలేదు. "తేలింది తేలిందే. ఒకపాలి చూసుకోండి" అన్నాడు.

"నీ వేళ్ళ లెక్క ఎందుకయ్యా? చదువుకున్నావిడ చేతిలో జాబితా ఉంది. చదవండి సుబ్బరావమ్మగారూ, సాయిబు సందేహం తీరుస్తారు" అన్నారు అధ్యక్షులు.

నేను కాలేజీలో హాజరు వేసినట్టే చదివాను. పేరు పిలిచాను, పలికినవారి పక్కన టిక్కు పెట్టాను. రోశయ్య గారు "ప్రెజెంట్ మేడమ్" అన్నారు. మళ్ళీ నవ్వులు. పన్నెండో పేరు నాది. దాని పక్కన నేనే టిక్కు పెట్టుకున్నాను. "పన్నెండు మంది, సరిపోయారు" అన్నాను.

"చూశావా?" అన్నారు శ్రీమన్నారాయణ గారు.

హుస్సేన్ సాహెబ్ గీత వంక చూశాడు. నా చేతిలో కాగితం వంక చూశాడు. "చదువుకున్న తల్లి చెప్పింది" అన్నాడు. తాడు విప్పమన్నాడు. అప్పుడు మూడూ యాభై.

అతను చేసిన తప్పేమిటని ఈ వారం రోజులూ వెతికాను. తన వేళ్ళను కాదని నా కాగితాన్ని నమ్మాడు. అదొక్కటే దొరికింది. దానికి శిక్ష ఉంటే వేయండి.

పడవ కదిలిన పది నిమిషాలకు గౌస్ బాషా తెడ్డు ఆపి, "మామా, ఏదో కేక ఇనబళ్ళా?" అన్నాడు. ట్రాన్సిస్టర్ మోగుతోంది, గాలి ఎదురుగా కొడుతోంది. రోశయ్య గారు "పావురాలు" అన్నారు. నాకూ ఏదో వినిపించింది. పావురాలు ఉన్నది మొదటి గుట్ట మీద, తెల్లగుట్ట మీద కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తోచిందా, బుధవారం నాడు తోచిందా అన్నది ప్రమాణం చేసి చెప్పలేను.

నాలుగూ యాభైకి రేవు చేరాం. బస్సు పక్కన జంపఖానా పరిచారు. నాంచారమ్మ గారు కూర్చుని, కాళ్ళు చాపుకుని, "చెంచమ్మా, స్టవ్ వెలిగించి కాఫీ పెట్టు" అన్నారు. జవాబు రాలేదు. "చెవుడా నీకు?" అన్నారు. ఇంకోసారి పిలిచారు. అప్పుడు తెలిసింది మాకు. కాఫీ కావలసి వచ్చింది గనుక తెలిసింది. ఎవరికీ కాఫీ అక్కర్లేకపోతే గుంటూరులో తెలిసేది.

హుస్సేన్ సాహెబ్ పడవలోకి దూకాడు. శ్రీమన్నారాయణ గారు ఆపారు. "ఆగాగు, సామాను దించి పో. మళ్ళీ ఎప్పుడొస్తావో ఏమో." బుట్ట దించారు. నాంచారమ్మ గారు తన జాబితా తీసి శాల్తీలు చూసుకున్నారు. ఇరవై రెండే వచ్చాయి. ఒక గరిటె లేదు. పడవలో బల్లల కింద వెతికించారు. హుస్సేన్ సాహెబ్ నీళ్ళలో నిలబడి, "అమ్మా, గరిటె నేనిస్తా. మనిషమ్మా" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. గరిటె పెరుగు గిన్నెలోనే దొరికింది. పడవ కదిలేసరికి ఐదూ పాతిక. బుట్టకూ గరిటెకూ ముప్ఫై నిమిషాలు. నా చేతికి గడియారం ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఐదూ యాభైకి బస్సు బయలుదేరింది. పడవ తిరిగి వచ్చేదాకా ఉందామని ఎవరూ అనలేదు. ఘాట్ రోడ్డు, చీకటి, పొద్దున కోర్టు. "సాయిబు తెచ్చి మాచర్ల బస్సెక్కిస్తాడు లెండి" అన్నారు శ్రీమన్నారాయణ గారు. "రేపటికి పప్పు నానబొయ్యాలి, ఎవరు పోస్తారు?" అన్నారు నాంచారమ్మ గారు. నేను కూడా బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

ఇక్కడి నుంచి కొంత నేను చూసింది కాదు, గౌస్ బాషా నాకు చెప్పింది. వాళ్ళు తెల్లగుట్ట చేరేసరికి ఆరున్నర, వెలుతురు పోతోంది. పిలిచారు, గుట్ట చుట్టూ తిరిగారు. బండ వెనక విస్తరి దొరికింది. సగం తిని, మడిచి, గాలికి పోకుండా పైన రాయి పెట్టి ఉంది. మళ్ళీ వచ్చి తిందామనే అలా పెట్టి ఉంటుంది. శవం మంగళవారం పొద్దున దొరికింది, నాపరాళ్ళ దడి ఆగిపోయిన చోట. పడవ పోతుండటం చూసి, రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ మా వెనకే వచ్చి ఉంటుందని గౌస్ బాషా అన్నాడు. దడి ఎక్కడ అయిపోతుందో ఆమెకు తెలియదు. అది హుస్సేన్ సాహెబ్ చేను కనుక అతనికి తెలుసు.

మంగళవారం సాయంత్రం ఆరుకు శ్రీమన్నారాయణ గారి ఆఫీసు గదిలో మండలి సమావేశమైంది. సంతాప తీర్మానం అన్నారు. రెండు నిమిషాలు నిలబడ్డాం. తర్వాత ఆయన టైపు చేసిన కాగితం తీశారు. బోటువాడు మద్యం సేవించి ఉండెననియు, తొందరపెట్టెననియు, అందరును ఎక్కినారని తానే చెప్పెననియు. "ఇది ఎవరి మీదా కక్షతో కాదు. పోలీసులు అడుగుతారు, అందరం ఒకే మాట మీద ఉంటే మంచిది. అయినా లెక్క చూసుకోవలసిన బాధ్యత ఎవరిదండీ, పడవ వాడిదే కదా?" అన్నారు. ఆ 'ఎవరిదండీ' దగ్గర నా వైపు చూశారు, దయగా. కాఫీలు వచ్చాయి. కొత్త వంటమనిషి పెట్టింది. పెన్ను చేతులు మారుతూ వచ్చింది. రోశయ్య గారు సంతకం పెట్టి, "ఆ సాయిబుకు నోరెక్కువ, పొద్దున్నే అనుకున్నా" అన్నారు. నేను పదకొండోదాన్ని. చదివాను. చదివే పెట్టాను.

ఎందుకు పెట్టావని తమరు అడిగారు. చదువుతుండగా ఒక నిమిషం పాటు అది నిజమేనేమో అనిపించింది. టైపు చేసి ఉంది. కింద పది సంతకాలున్నాయి. నేను చెప్పే చరిత్రలో సగం ఇలాంటి కాగితాల మీదే నిలబడి ఉంది.

మొన్న శనివారం, 17వ తేదీ, సాయంత్రం నాలుగున్నరకు గౌస్ బాషా మా కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, మామని రిమాండులో పెట్టారు. పడవ పట్టుకెళ్ళారు. నేను డబ్బుకి రాలా, సిఫార్సుకి రాలా. మామ అడిగాడా లేదా? అదొక్కటి చెప్పండి" అన్నాడు.

"అడిగాడు" అన్నాను.

"ఆ మాట దొరగారి ముందర చెబుతారా?"

చూద్దాం అన్నాను. నిరపరాధి జైల్లో ఉన్నాడని తెలిసీ, ఎం.ఏ. చదివీ, నేను అన్న మాట 'చూద్దాం'. ఆ కుర్రవాడు దానికే దణ్ణం పెట్టి వెళ్ళాడు. నిన్న ఇంట్లో కూర్చుని ఆలోచించాను. ఆలోచించి కనిపెట్టింది ఏమీ లేదు. ఇవాళ మొదటి బస్సుకు వచ్చాను.

తప్పుడు కాగితం మీద సంతకం పెట్టినందుకు నా మీద కూడా చర్య ఉండవచ్చునని తమరు హెచ్చరించారు. అర్థమైంది.

ఇంతవరకు రాసింది గుమాస్తా చదివి వినిపించగా విన్నాను. ఒక చోట తప్పుంది. నేను 'పన్నెండు మంది, సరిపోయారు అన్నాను' అని చెప్పాను. గుమాస్తా గారు 'పొరపాటున సరిపోయారు అన్నాను' అని రాశారు. మర్యాద కోసం చేర్చి ఉంటారు. ఆ మాట కొట్టేయండి.

ఎందుకని తమరు అడుగుతున్నారు.

చెంచమ్మ విస్తరి పట్టుకుని బండ వెనక్కి వెళ్ళడం చూశానని చెప్పాను. పోతూ పోతూ ఆమె నా దగ్గర ఆగింది. అది చెప్పలేదు. "పంతులమ్మగారూ, ఆ యెనక నాలుగు మెతుకులు తిని వస్తా. పడవ కదిలేటప్పుడు ఓ కేకెయ్యండి" అంది. నేను సరే అన్నాను. తర్వాత ఆ మాట మరిచిపోయాను. హుస్సేన్ సాహెబ్ ఒక మనిషి తక్కువ అన్నప్పుడు కూడా గుర్తు రాలేదు. జాబితా చదువుతుండగా, తొమ్మిదో పేరు దగ్గరో పదో పేరు దగ్గరో, గుర్తొచ్చింది. అప్పటికి అందరూ నవ్వుతున్నారు, అధ్యక్షులు నన్ను మెచ్చుకుని ఉన్నారు. సాయిబు మాటే నిజమని నా నోటితో చెప్పాలంటే, నేను ఏనాడూ గౌరవించని ఆ పదకొండు మంది నన్ను చూసి నవ్వుతారు. చివరి రెండు పేర్లూ చదివేశాను. ఎవరైనా ఆమె ఏదని అడుగుతారులే అనుకున్నాను. అలా అనుకున్నట్టే జ్ఞాపకం. గుర్తు రావడం అప్పుడు కాదేమో, బస్సులోనేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనిపిస్తే హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మను.

ఆమె నన్నే ఎందుకు అడిగిందో తెలియదు. ఆ పన్నెండు మందిలో కేక వేయగల మనిషినని అనుకుని ఉంటుంది.

పై వాంగ్మూలం నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో నేను చూసినవి చూసినట్టూ, విన్నవి విన్నట్టూ, తెలియనివి తెలియనట్టూ చెప్పాను. హుస్సేన్ సాహెబ్ అడిగాడన్నదీ, నేను సరిపోయారని బదులిచ్చానన్నదీ ఏ సందేహమూ లేని నిజాలు.

కొట్టివేత ఒకటి: 'పొరపాటున'. నా ఎదుటే, నేను కోరగా కొట్టివేశారు. పక్కన పొడి అక్షరాలు పెట్టాను.

(సంతకం) మద్దులపల్లి సుబ్బరావమ్మ
19-2-1968, పగలు 1 గంట 05 నిమిషాలు